పిల్లి నడిచే దారి

మాది కోటబొమ్మాళి. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది ఇంటి గోడకు బిగించే ఒక చిన్న తెల్లటి పెట్టె గురించి. మోషన్ సెన్సర్ అంటారు దాన్ని. ఇంట్లో ఎవరూ లేని వేళ లోపల ఏదైనా కదిలితే పసిగడుతుంది, సైరన్ మోగిస్తుంది, మన ఫోనుకు కబురు పంపుతుంది. దొంగల భయం ఉన్న రోజుల్లో మంచి తోడు. అయితే ఆ ఇంట్లో ఒక పిల్లో కుక్కో ఉంటే ఏం జరుగుతుంది? నా మాటంతా దాని చుట్టూనే.

మన వైపు ఇళ్లకు తాళాలు ఎందుకు పడతాయో మీకు తెలియనిది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు పిల్లలు పనుల కోసం విశాఖపట్నం, హైదరాబాద్, ముంబయి, గుజరాత్ దాకా వలస పోతున్నారు. ఇంటి దగ్గర పెద్దవాళ్లు మిగులుతున్నారు, కొన్నిచోట్ల వాళ్లూ మిగలడం లేదు. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాలి. మంచం మీదే ఒక్కో విడతకు నాలుగు గంటలు పడుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక కొందరికి దూరం తగ్గింది. అయినా రోగితోపాటు తోడు మనిషి వెళ్లక తప్పదు. ఆ పూటంతా ఇంటికి తాళమే. మా ఊళ్లో కొత్తమ్మతల్లి జాతర రోజుల్లోనూ అంతే, వీధి వీధంతా గుడి దగ్గరే ఉంటుంది.

మనుషులందరూ వెళ్లినా ఆ ఇళ్లు పూర్తిగా ఖాళీ అవవు. పెరట్లో కుక్క ఉంటుంది, అటక మీద పిల్లి ఉంటుంది. ధాన్యం బస్తాలున్న ఇంట్లో పిల్లి లేకపోతే ఎలుకలు ఊరుకుంటాయా? మన వైపు పిల్లిని ముద్దుకోసం మాత్రమే పెంచరు, అది ఇంట్లో పనిచేసే జీవి.

నాకు జరిగింది చెబుతాను. మాది పాతకాలపు పెంకుటిల్లు. వీధి గుమ్మం దాటితే పొడుగ్గా సావిడి, దాని పక్కన గోడ వారగా బస్తాలు, పైన అటక, అటక నుంచి సావిడి మీదుగా పోయే తాటి దూలం. ఒక బూడిదరంగు పిల్లి మా ఇంట్లోనే పుట్టి పెరిగింది. అమ్మాయి పురుడు కోసం మేమిద్దరం విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చింది. వెళ్లేముందు ఒక మనిషిని పిలిపించి సావిట్లో సెన్సర్ బిగించాం. ఆయన గోడమీద ఏడడుగుల ఎత్తున చక్కగా బిగించి, ఫోనులో చూపించి వెళ్లాడు. ఇంట్లో పిల్లి ఉందా అని ఆయన అడగలేదు. ఉందని నేనూ చెప్పలేదు.

మూడో రాత్రి ఒంటిగంట దాటాక ఫోను అరిచింది. గుండె ఝల్లుమంది. పక్కింటి తమ్ముడికి ఫోను చేశాను. పాపం, నిద్రలేచి, టార్చి పట్టుకుని, ఇంకొక మనిషిని తోడు తీసుకుని వెళ్లి చూశాడు. తాళం తాళంలాగే ఉంది. రెండో తాళంచెవి వాళ్ల దగ్గరే పెట్టి వచ్చాను కాబట్టి లోపలికీ వెళ్లి చూశాడు.

"ఏటీ నేదన్నయ్యా, పిల్లి. దూలం మీద కూకుంది" అన్నాడు.

మర్నాడు రాత్రి మళ్లీ మోగింది. మళ్లీ వెళ్లాడు. మూడోసారి మోగినప్పుడు "పిల్లే అయ్యుంటది గదా అన్నయ్యా, పొద్దున్న సూస్తాను" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. పొద్దంతా పొలంలో పనిచేసి వచ్చిన మనిషి. ఆ తర్వాతి రాత్రి నేనే ఫోనులోంచి సెన్సర్‌ను ఆపేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పొద్దున్న లేచి ఆలోచిస్తే అర్థమైంది, డబ్బు పోసి పెట్టుకున్న కాపలాను నా చేత్తో నేనే పంపించేశానని.

"నాన్నా పులి" కథ మనందరం చిన్నప్పుడు చదువుకున్నదే. ఆ కథలో పిల్లవాడు ఆకతాయితనంతో అరిచాడు. సెన్సర్ ఆకతాయిది కాదు, అది నిజంగానే ఏదో కదిలిందని చెప్పింది. కానీ ఫలితం ఒక్కటే. ఊరు లేచి రావడం మానేస్తుంది. తప్పుడు మోతతో వచ్చే అసలు నష్టం చెవులకు కాదు, నమ్మకానికి. నాలుగుసార్లు పిల్లికి మోగిన అలారం అయిదోసారి దొంగకు మోగినా ఎవరూ లేవరు.

ఇప్పుడు ఆ పెట్టె లోపల ఏముందో చూద్దాం. ఒంట్లో వేడి ఉన్న ప్రతి ప్రాణీ కంటికి కనిపించని ఒక కాంతిని వెదజల్లుతూ ఉంటుంది. దాన్ని పరారుణ కాంతి అంటాం, ఇన్‌ఫ్రారెడ్. మన ఇళ్లలో ఎక్కువగా వాడే సెన్సర్లు ఈ కాంతిని పట్టుకునేవే. పి.ఐ.ఆర్. సెన్సర్ అంటారు. అది తనంతట తాను ఏ కిరణాన్నీ పంపదు, గదిలోంచి వచ్చే వేడి కాంతిని చూస్తూ కూర్చుంటుంది అంతే. లోపల పక్కపక్కనే రెండు చిన్న పలకలుంటాయి. గది మొత్తం మెల్లగా వేడెక్కితే రెండింటి మీదా ఒకేలా పడుతుంది, ఒకదాని లెక్క ఇంకొకటి కొట్టేస్తుంది. వేడి ఉన్న ఒళ్లు ఒకటి కదిలి వెళితే ముందు ఒక పలక మీద, తర్వాత రెండో పలక మీద పడుతుంది. ఆ తేడానే కదలిక.

పెట్టె ముందు గీతలు గీతలుగా ఉండే పాలరంగు ప్లాస్టిక్ ముక్కను మీరు చూసే ఉంటారు. అదొక కటకం. ఫ్రెనెల్ కటకం అంటారు. 200 ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఆగస్టిన్ ఫ్రెనెల్ అనే శాస్త్రవేత్త లైట్‌హౌసుల కోసం తయారుచేసిన పద్ధతి ఇది. మన తీరంలో బారువ దగ్గర, కళింగపట్నం దగ్గర లైట్‌హౌసులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చిన్న దీపం వెలుగును సముద్రం మీద ఎంతో దూరం పంపడం ఎంత కష్టమో. ఫ్రెనెల్ కటకం ఆ పని కోసం పుట్టింది. సెన్సర్లో అదే కటకం ఎదురు దిశలో పనిచేస్తుంది. గదిలోని వేడిని లోపలికి పోగేసి, గదిని విసనకర్ర ఈనెల్లాగా ముక్కలు ముక్కలుగా విడదీస్తుంది. ఒక ఈనె నుంచి ఇంకో ఈనెలోకి వేడి దాటితే కదలిక కింద లెక్క. అందుకే సెన్సర్‌కు ఎదురుగా నడిచి వచ్చే మనిషికన్నా, దాని ముందు అడ్డంగా నడిచే మనిషి తొందరగా దొరుకుతాడు.

ఈ చెప్పినదాంట్లో దొంగ అన్న మాట ఎక్కడా రాలేదు, గమనించారా? ఆ పెట్టెకు దొంగ తెలియడు, ఇంటి యజమాని తెలియడు, పిల్లి తెలియదు. వేడిగా ఉన్నది కదిలింది, అంతవరకే దాని జ్ఞానం.

దుకాణంలో అడిగితే "పెట్ ఇమ్యూన్" సెన్సర్ తీసుకోమంటారు. పెంపుడు జంతువులకు మోగనిది అని అర్థం. డబ్బా మీద 18 కిలోలు, 25 కిలోలు, 36 కిలోలు అని ఒక అంకె ఉంటుంది. మాకు బిగించినదీ అలాంటిదే, మా పిల్లి బరువు నాలుగు కిలోలు దాటదు. మరి ఎందుకు మోగింది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. సెన్సర్ దగ్గర తక్కెడ లేదు, అది ఎవరి బరువూ తూచదు. ఆ అంకె వెనుక ఒక ఊహ ఉంది. జంతువు నేలమీద నడుస్తుంది, మనిషి నిలువుగా నడుస్తాడు అన్నదే ఆ ఊహ. అందుకని నేల దగ్గర కనిపించే కదలికను పట్టించుకోకుండా, దానికి పైన కదిలే పెద్ద వేడిని పట్టించుకునేలా కటకాన్ని, లోపలి లెక్కలను అమరుస్తారు. 20 కిలోల నాటు కుక్క నేలమీద తిరిగినంతసేపూ ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది. పిల్లి ఎక్కడుంటుంది? బస్తాల మీద, బీరువా మీద, దూలం మీద. మా సావిట్లో దూలానికీ సెన్సర్‌కూ మధ్య మూరెడు దూరం. కంటికి దగ్గరగా పెట్టుకున్న బొటనవేలు కొండను కప్పేస్తుంది కదా. మూరెడు దూరంలో నడిచిన పిల్లి ఆ సెన్సర్ కంటికి గదంతా నిండిన మనిషే.

కాబట్టి బరువు అంకె చూసి ధైర్యపడకండి, ఎత్తు చూడండి. నేలమీద పడుకునే పెద్ద కుక్కతో రాని చిక్కు, గోడలెక్కే చిన్న పిల్లితో వస్తుంది. సోఫా ఎక్కే కుక్కా, మంచం ఎక్కే కుక్కా పిల్లి కిందే లెక్క. రెండు కుక్కలు ఒకదాన్నొకటి తరుముకున్నా వేడి కలిసి పెద్దదిగా కనిపించవచ్చు.

మరి రెండు పద్ధతులు కలిపిన సెన్సర్లు ఉన్నాయి. వేడితోపాటు రాడార్ లాంటి మైక్రోవేవ్ తరంగాలతోనూ చూస్తాయి. రెండూ ఒప్పుకుంటేనే అలారం మోగుతుంది. ఎండ పొడ పడి మోగడం, వేడిగాలికి మోగడం లాంటివి వీటితో బాగా తగ్గుతాయి. అయితే పిల్లి వేడిగానూ ఉంటుంది, కదులుతూనూ ఉంటుంది, ఎత్తున నడిచిందంటే రెండు పరీక్షలూ పాసవుతుంది. అదీగాక మైక్రోవేవ్ పలుచని గోడల్లోంచి పక్క గదిలోకి చూస్తుంది, తిరిగే ఫ్యానును కూడా కదలికగా తీసుకుంటుంది. ఖరీదు ఎక్కువ పెట్టినంత మాత్రాన పిల్లి సమస్య తీరదని చెప్పడానికే ఈ మాట.

అల్ట్రాసౌండుతో పనిచేసేవి మరో రకం. మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు. కుక్కకు సుమారు 45 వేల దాకా, పిల్లికి 60 వేలకు పైగా వినిపిస్తుంది. ఈ సెన్సర్లు పంపే శబ్దం చాలావరకు 25 వేలకూ 40 వేలకూ మధ్య ఉంటుంది. అంటే మనకు నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ మూగజీవి చెవిలో రాత్రంతా ఈల మోగుతూనే ఉంటుంది. జంతువులున్న ఇంట్లో ఈ రకం దయచేసి పెట్టకండి.

సరే, నేనేం చేశానో చెబుతాను. విశాఖ నుంచి తిరిగి వచ్చాక ఒక సాయంత్రం సావిట్లో నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఇంటి పటం గీసుకుని, పిల్లి ఎటు వెళితే అటు గీత గీశాను. చీకటి పడే వేళ పెరటి కిటికీ ఊచల్లోంచి లోపలికి దూకింది. అక్కడి నుంచి నీళ్ల గోలెం మూత మీదికి, గోలెం మీంచి బస్తాల మీదికి, బస్తాల మీంచి అటక మీదికి ఎక్కింది. అటక మీద కాసేపు చెవులు రిక్కించి కూర్చుని, దూలం మీద అడుగులో అడుగు వేసుకుంటూ సావిడి దాటింది. మూడు రోజులు చూశాను. మూడు రోజులూ అదే దారి. మనం రోడ్డు మీద నడిచినట్టే దానికీ ఒక దారి ఉంది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ దారిని నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ పటం చేతిలో ఉంటే మిగతాది సులువు. సెన్సర్‌ను దూలం దగ్గర నుంచి తీసి, వీధి గుమ్మానికి అడ్డంగా చూసే మూలకు మార్చాం. ఎత్తు ఏడడుగులే, కానీ దాని చుట్టుపక్కల ఆరడుగుల మేర పిల్లి ఎక్కగలిగిన దూలంగానీ, అలమారగానీ లేకుండా చూసుకున్నాం. పెట్టెను కిందికి వంచకుండా నిటారుగా బిగించాం. వంచితే నేలను వదిలేసే లెక్క తప్పిపోతుంది, కుక్కకూ మోగుతుంది. కటకం మీద అటక వైపు చూసే భాగానికి లోపలి నుంచి చిన్న టేపు ముక్క అంటించాం. ఆ వైపు దానికి కన్ను మూసినట్టే.

తర్వాత పరీక్ష. చాలా సెన్సర్లలో నడక పరీక్ష కోసం ఒక చిన్న ఎర్రలైటు ఉంటుంది, కదలిక దొరికితే వెలుగుతుంది. నా పాత విద్యార్థి ఒకతను వచ్చి గుమ్మంలోంచి నడిచాడు, వెలిగింది. వంగి నడిచాడు, వెలిగింది. పిల్లి దూలం మీద నడిచింది, వెలగలేదు. ఆ పరీక్ష చేయకుండా బిగించిన సెన్సర్‌ను నమ్మకండి. ఎండాకాలంలో ఇంకోసారి చేయండి. ఎందుకంటే మన ఒంటి చర్మం వేడి దాదాపు 33, 34 డిగ్రీలు. మే నెలలో మూసిన గది కూడా దాదాపు అంతే వేడెక్కితే మనిషికీ గోడకూ తేడా తగ్గిపోతుంది, సెన్సర్ చూపు మందగిస్తుంది. చలికాలంలో దొరికిన మనిషి ఎండాకాలంలో తప్పించుకోవచ్చు.

ఇంకో చిన్న విషయం, మన ఇళ్లకు ముఖ్యమైంది. బల్లి. ట్యూబ్‌లైటు పక్కన సెన్సర్ పెడితే పురుగులు వస్తాయి, పురుగుల కోసం బల్లి వస్తుంది, వచ్చి నేరుగా కటకం మీదే పాకుతుంది. అంత దగ్గరలో అది కదిలినా అలారం మోగవచ్చు. లైటుకు దూరంగా పెట్టండి, వైరు దూరే రంధ్రాన్ని పూడ్చేయండి, నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి.

ఇంటి ఏర్పాటు ఎంత మార్చినా పిల్లికీ సెన్సర్‌కూ పొత్తు కుదరని ఇళ్లుంటాయి. అప్పుడు లోపల కదలికను చూడటం మానేసి గుమ్మాలను చూడండి. తలుపుకు ఒక అయస్కాంతం, చట్రానికి ఒక స్విచ్చి బిగించే సెన్సర్లున్నాయి. తలుపు తెరిస్తే అయస్కాంతం దూరమవుతుంది, అలారం మోగుతుంది. లోపల పిల్లి పిల్లిమొగ్గలేసినా దానికి పట్టదు. నగలు, కాగితాలు ఉన్న గది ఒకటి ఉంటే ఆ గది తలుపు మూసి, లోపల ఒక మోషన్ సెన్సర్ పెట్టండి. పిల్లికి మిగతా ఇల్లంతా వదిలేయండి. ఒక్క సెన్సర్ సరైన గదిలో ఉంటే, ఇల్లంతా పెట్టిన అయిదింటికన్నా మేలు.

ఊరు వెళ్లేవాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఎల్.హెచ్.ఎం.ఎస్. అంటారు, తాళం వేసిన ఇళ్ల నిఘా. ఫోనులో పేరు నమోదు చేసుకుని, ఫలానా రోజు నుంచి మేం ఊళ్లో ఉండం అని చెబితే, వాళ్లే వచ్చి ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెడతారు. లోపల ఏదైనా కదిలితే పోలీసు కంట్రోల్ రూముకు తెలుస్తుంది. దానికి రుసుము లేదు. మీ స్టేషన్లో అడిగి తెలుసుకోండి. అడిగేటప్పుడు ఇంట్లో పిల్లి ఉందో కుక్క ఉందో కూడా చెప్పండి. నేను చెప్పకుండా ఊరుకున్న మాట అదే. నా విషయంలో లేచి వచ్చింది పక్కింటి తమ్ముడు. అక్కడ లేచి రావలసింది గస్తీ పోలీసులు. పిల్లి కోసం వాళ్లు మన ఇంటికి వచ్చిన వేళకు ఇంకెక్కడో నిజంగా అవసరం పడవచ్చు.

కరెంటు లేనప్పటి సంగతీ ఆలోచించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని తాకినప్పటి సంగతి ఎవరూ మరిచిపోరు. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు వరుసగా పడిపోయాయి, ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి వేళ వైఫై ఉండదు, ఫోను ఉండదు. బ్యాటరీతో నడిచే సెన్సర్, దానికి సొంత సైరన్ ఉంటే వీధిలోవాళ్లకైనా వినిపిస్తుంది. వీధిలోవాళ్లు లేచి వస్తారా లేదా అన్నది అంతకుముందు అది ఎన్నిసార్లు ఊరికే మోగిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

చివరిగా ఆ మూగజీవుల తరఫున ఒక మాట. సైరన్ మోగితే మనం విశాఖలో ఉంటాం, అవి మాత్రం ఆ గదిలోనే ఉంటాయి. మన చెవులు చిల్లులు పడే శబ్దం వాటికి ఇంకెంత బాధ! సైరన్ రెండు మూడు నిమిషాల్లో దానంతట అది ఆగేలా పెట్టుకోండి. అలారం మోగకూడదని కుక్కను రెండు రోజులు గదిలో కట్టేసి వెళ్లడం మాత్రం చేయకండి. కుక్కకు నీళ్లు, తిండి పెట్టే మనిషిని చూసుకుని, పెరట్లో నీడపట్టున తిరగనివ్వండి.

అన్నట్టు, అరుగు మీద కాళ్లు ముడుచుకుని పడుకునే కుక్క తక్కువదేమీ కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి మీదపడి ఒకరి ప్రాణం తీసింది, మరికొందరిని గాయపరిచింది. ఉద్దానం తోటల్లో తిరిగేవాళ్లకు ఆ భయం ఇప్పటికీ ఉంది. చీకట్లో ఎలుగు దగ్గరకొస్తే కుక్క మొరిగే తీరు వేరు, చుట్టం వస్తే మొరిగే తీరు వేరు, కొత్తమనిషికి మొరిగే తీరు వేరు. ఆ తేడా మన పెద్దవాళ్లకు మంచం మీంచే తెలిసేది. సెన్సర్‌కు ఆ తేడా తెలియదు. అందుకే యంత్రం వచ్చిందని కుక్కను తరిమేయకండి, కుక్క ఉంది కదా అని యంత్రం వద్దనుకోకండి. రెండింటికీ ఇంట్లో చోటు చూపించండి.

మా సావిట్లో సెన్సర్ ఇప్పుడు మూలన ఉంది. కిందటేడు జాతర రాత్రులు ఇల్లు తాళం వేసి వెళ్లినా ఒక్కసారీ మోగలేదు. తిరిగొచ్చి తలుపు తీస్తే దూలం మీంచి రెండు కళ్లు మెరిశాయి. ఇది జరిగాక పక్కింటి తమ్ముడి దగ్గరికి వెళ్లి, "ఇకమీదట మోగితే పిల్లి కాదురా, లేచిరా" అని చెప్పి వచ్చాను. "అలాగే అన్నయ్యా" అన్నాడు.

మీరూ సెన్సర్ కొనాలనుకుంటే దుకాణానికి రేపు వెళ్లండి. ఈ సాయంత్రం మాత్రం దీపాలు పెట్టే వేళ ఒక కాగితం, పెన్సిలు పట్టుకుని మీ పిల్లి ఏ దారిన నడుస్తుందో చూడండి.